పొలం దాకా నడిచిన అత్త

"అక్క పోయిందమ్మా" అన్నాడు నాన్న ఫోన్లో. పొద్దున పదకొండు గంటలు. సత్తెనపల్లిలో చేర్చిన ఆసుపత్రి నుంచి గుంటూరు తీసుకురావడానికి అంబులెన్సు మాట్లాడుతుండగానే అత్త ప్రాణం పోయిందట. నేను నోరు తెరిచేలోపే రెండో మాట కూడా వచ్చేసింది. "నడవనీయొద్దని మొత్తుకుంటే విన్నావా? నడిపించి నడిపించి చంపుకున్నాం."

నేనప్పుడు గుంటూరులో, నేను పనిచేసే ఆసుపత్రి వరండాలో, గుండె బలహీనపడ్డ ఇంకో పెద్దాయన చేత అడుగులు వేయిస్తున్నాను. నేను ఫిజియోథెరపిస్టుని. నా మొహం చూసి ఆయన, "ఆపమంటారా అమ్మా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక నడవమన్నాను. ఆయన నడిచాడు. నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచి మాటలు రాయాలంటారు. రాస్తాను, నన్ను పెంచిన మనిషి కాబట్టి. కానీ ముందు నా విసుగు వెళ్లగక్కకపోతే ఆ మంచి మాటలు కూడా అబద్ధంలా ఉంటాయి. ఆమెతో వేగడం మాటలు కాదు. మా నాన్నతో వేగడం అంతకంటే కష్టం. ఇద్దరూ కలిసి రెండేళ్ల పాటు నా ప్రాణం తీశారు.

అత్త మా నాన్నకు అక్క. పర్చూరు వైపు ఇచ్చారు. పిల్లలు లేరు. మావయ్య పోయాక పుట్టింటికి వచ్చేసి, తనకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాల్లో తనే సేద్యం మొదలుపెట్టింది. ఒకదాంట్లో పత్తి, ఒకదాంట్లో మిరప. మా ఇంట్లోనే ఉండేది కానీ, ఇంట్లో ఉండేదని చెప్పడానికి లేదు. తెల్లారితే పొలం, పొద్దుగూకితే ఇల్లు. నాకు జడ వేసేటప్పుడు కూడా పురుగుమందు సంగతి మాట్లాడేది.

అసలు గొడవ ఆయాసంతో మొదలైంది. కల్లాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో మా ఊళ్లో దగ్గని మనిషి ఉండడు. దగ్గు, తుమ్ము, కళ్లల్లో నీళ్లు, అన్నిటికీ ఒకటే జవాబు: ఘాటు. అత్తకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తే ఘాటు అన్నారు. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటే ఘాటు అన్నారు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టకపోతే, ఘాటు కాళ్లకెలా పడుతుందని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. కాయలు మిర్చి యార్డుకు వెళ్లిపోయాయి, కల్లాలు ఊడ్చేశారు, ఆషాఢం వచ్చింది. ఆయాసం మాత్రం పోలేదు. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"ఏమే, ఈసారి ఘాటు లోపలే ఉండిపోయినట్టుందే. అది కక్కించే మందేమన్నా ఉందా మీ ఆసుపత్రిలో?"

నెత్తి కొట్టుకుని, కారు పంపించి రప్పించాను. గుండె కండరం బాగా బలహీనపడింది, రక్తాన్ని సరిగ్గా తోయలేకపోతోంది, అందుకే ఊపిరితిత్తుల్లో, కాళ్లలో నీరు చేరింది అని గుండె డాక్టరు చెప్పాడు. హార్ట్ ఫెయిల్యూర్ అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే నాకు సగం తిప్పలు తప్పేవి.

"ఫెయిలైతే మరి అక్క కూర్చుని ఎట్టా మాట్లాడతంది?" అని నాన్న నన్ను పక్కకు పిలిచి గుసగుసగా అడిగాడు.

ఆగిపోవడం కాదు నాన్నా, నీరసపడటం అని చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. డాక్టరు మాత్రలు రాశాడు, ఉప్పు తగ్గించమన్నాడు, నీళ్లు రోజంతటికీ లీటరున్నర దాటొద్దన్నాడు. చివర్లో, నీరు దిగాక మెల్లగా నడక మొదలుపెట్టించండి, అది కూడా మందే అన్నాడు. ఆ చివరి మాట మా నాన్న చెవిన పడలేదు. ఫెయిల్ దగ్గరే ఆగిపోయాడు.

ఊరెళ్లగానే హాల్లో ఫ్యాను కింద మంచం వేయించాడు. దాని మీద అక్కను కూర్చోబెట్టి, కాలు కింద పెడితే ఊరుకోనన్నాడు. అన్నం మంచం మీదికే, టీవీ మంచం ఎదురుగానే. చూడటానికొచ్చిన చుట్టాలు బత్తాయిలు పట్టుకొచ్చి, "కదలమాకమ్మా, గుండె జబ్బు" అని తలా ఒక మాట అనేసి పోయారు. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమే నా ఒళ్లు మండించింది. రెండు నెలల తర్వాత నేను సెలవు పెట్టి వెళ్లేసరికి, వాపు దిగిపోయిన ఆ మనిషి గోడ పట్టుకోకుండా బాత్రూం దాకా వెళ్లలేకపోతోంది. పిక్కలు పట్టుకుని చూశాను. కండ కరిగిపోయి చర్మం వేలాడుతోంది.

నాన్నను కూర్చోబెట్టి చెప్పాను. గుండె నీరసంగా ఉన్న మనిషిని పడుకోబెడితే కాళ్లు కూడా నీరసపడతాయి. కండ లేని కాళ్లు నాలుగడుగులకే అలిసిపోయి ఇంకా రక్తం, ఇంకా ఊపిరి కావాలంటాయి. తోయలేని గుండె మీద ఇంకా భారం పడుతుంది. కాళ్లకు బలం వస్తే అదే గుండెతో ఎక్కువ పని చేయొచ్చు. వయసు కుర్రాళ్లలా పరిగెత్తమనడం లేదు, కొలిచి, చూసి, రోజుకింత పెంచుకుంటూ నడవమంటున్నాను అన్నాను.

"ముప్పై ఏళ్లు చేలల్లో నడిచింది. ఆ నడక చాల్లేదా?" అన్నాడు నాన్న.

మంచం మీంచి అత్త కూడా వంత పాడింది. "అవునే. నేను నడిచినంత మీ డాక్టరు నడిచి ఉండడు. అదంతా ఏమైందే, లెక్కలోకి రాదా?"

నిన్న తిన్న అన్నం ఇవ్వాళ ఆకలికి పనికొస్తుందా అత్తా అని అరిచాను. అరిచాక నాకే బాధేసింది. అప్పుడు నాన్న తాపీగా, "ఎట్టాగూ నడవలేదు కదా, వచ్చే ఏటి నుంచి ఆ రెండెకరాలూ కౌలుకిచ్చేద్దామనుకుంటన్నా" అన్నాడు. అత్త గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం నన్ను దగ్గరకు పిలిచి, "నన్ను పొలం దాకా నడిచేటట్టు చెయ్యి, తర్వాత చచ్చినా పర్లేదు" అంది.

"చచ్చిపోవడానికి నడిపించడం నా పని కాదు" అన్నాను. కానీ ఆమెకు ఏం కావాలో అప్పుడు అర్థమైంది. బండి మీద దించమంటే నాన్న దించేవాడే. ఆ మాటంటే, "బండి మీద దిగి గట్టు మీద నిలబడి చూసి వస్తే అది సేద్యమా, షికారా?" అంది. తన కాళ్ల మీద వెళ్లాలి. తన కోతలు తను కోయించుకోవాలి.

ఇద్దరికీ ఒప్పందం కుదిర్చాను. ఇంటి నుంచి పొలానికి కిలోమీటరున్నర. ఈ ఏడు నారు ఎలాగూ వేసేశాం కాబట్టి, కోతల నాటికి అక్క పొలం దాకా నడిచి వెళ్లి నడిచి వస్తే కౌలు మాట ఎత్తను అన్నాడు నాన్న. "దారిలో కూలబడిందని నా చెవిన పడిందా, ఆ రోజుతో సరి. ఎవురు చెప్పినా వినను." అత్త సరేనంది. నేను తలూపాను. ఆ షరతును అప్పుడే అడ్డుకుని ఉండాల్సింది. నా తెలివి అంతవరకే పనిచేసింది.

కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, ఐదుసార్లు. వసారాలో ఆ గోడ నుంచి ఈ గోడకు రెండు నిమిషాలు. వారం తర్వాత మూడు నిమిషాలు. బరువు రోజూ చూసుకోవాలన్నాను. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టు, అప్పుడు నడక ఆపి వెంటనే ఫోన్ చెయ్యాలన్నాను. కొత్త మిషను కొనిస్తే దాన్ని నమ్మలేదు. మిరప బస్తాలు తూచే కాటా మీద నిలబడి, నాన్నను అంకె చదవమనేది. "కాటా అబద్ధం చెప్పదు. మీ మిషను సంగతి నాకు తెలవదు" అనేది.

ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలదో కొలవడానికి ఆసుపత్రి వరండాకు తీసుకొచ్చాను. పొన్నూరు నుంచి వచ్చిన ఒకావిడ కనిపిస్తే రెండో నిమిషంలో ఆగిపోయి వడ్ల ధర అడగడం మొదలుపెట్టింది. గడియారం నడుస్తోంది అత్తా అంటే, "నడవనీ, మనిషి ఎదురుపడితే పలకరించొద్దా?" అంది. ఆ పరీక్ష మూడుసార్లు పెట్టాల్సి వచ్చింది.

ఆ తర్వాత వీధిలో నడక. నా ఓపిక అక్కడ పూర్తిగా అయిపోయింది. మొదటి రోజు పొద్దున నేనే దగ్గరుండి గుమ్మం దాటించాను. పది అడుగులు వేసిందో లేదో, ఎదురింటావిడ కళ్లాపి చల్లుతూ, "ఎక్కడికమ్మా?" అంది. అంతే. అత్త వెనక్కి తిరిగింది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్లిన పని చెడుతుందట. ఇంట్లోకొచ్చి కూర్చుంది, గ్లాసుడు నీళ్లు తాగింది, మళ్లీ లేచింది. మలుపు దగ్గర పాలాయన, "ఏంటి పెద్దమ్మా, పొద్దున్నే ఎక్కడికి?" వెనక్కి. కూర్చోవడం, గ్లాసుడు నీళ్లు. మూడోసారి మసీదు పక్కింటి దర్జీ భాయ్. ఆయన మర్యాదస్తుడు, "దూరమా అమ్మా?" అనే అడిగాడు. అది తప్పు కాదనుకుని నేను ఊపిరి పీల్చుకున్నాను. కానీ ఆయన భార్య కిటికీలోంచి, "ఎక్కడికో అడగండి" అంది.

ఏడు గంటలకల్లా మూడు గ్లాసుల నీళ్లు అయ్యాయి. రోజంతటికీ కలిపి లీటరున్నర! నడిచింది మాత్రం వీధిలో సగం.

"కూర్చుంటే కూర్చో, నీళ్లు తాగొద్దు అత్తా, నీకు దండం పెడతా" అన్నాను.

"తాగకపోతే దోషం పోదే."

"పోనీ పుక్కిలించి ఊసెయ్."

"దోషాన్ని ఊసేస్తారా ఎక్కడన్నా? చదువుకున్నావు గానీ..." అని నా వంక జాలిగా చూసింది.

వీధి వీధంతా తిరిగి, మా అత్తను ఎవ్వరూ ఎక్కడికని అడగొద్దు అని చెప్పి వచ్చాను. అది ఇంకా పెద్ద తప్పు. మర్నాటి నుంచి అందరూ గుమ్మాల్లో నిలబడి, ఆమెను చూసి నోరు గట్టిగా మూసుకోవడం మొదలుపెట్టారు. "నన్ను శవాన్ని చూసినట్టు చూస్తన్నారే" అని అత్త ఏడ్చింది.

దానికి దారి చివరికి ఆమే కనిపెట్టింది. పెరటి వైపు తలుపు తీసుకుని, పొలాలకు బండ్లు పోయే డొంకలోకి దిగింది. "పొలానికి పోయే మనిషిని ఎక్కడికని ఎవరూ అడగరు. ఆ మాత్రం తెలవదా నీకు?" అంది. నిజమే. డొంకలో ఎదురైనవాళ్లు మిరపలో ఆకుముడత తెగులు గురించి అడిగారు, బోరు గురించి అడిగారు, ఎక్కడికని అడగలేదు. ఆ రోజు నుంచి నీళ్ల లెక్క సరిపోయింది.

నడిచేటప్పుడు మాట్లాడగలగాలి, మాట మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించాలని నేర్పించాను. ఏం మాట్లాడాలే ఒక్కదాన్నే అంది. నాన్నను తిట్టుకో అన్నాను, విసుగుతో. నిజంగానే మొదలుపెట్టింది. ఫోన్ స్పీకర్లో పెట్టి నాకు వినిపించేది. "ఒరే తమ్ముడూ, నాకు మంచం వేయించినోడివి, నీ తలకాయ మీద నా..." ఒక్క ఊపిరిలో తిట్టు పూర్తయితే ఆ నడక సరిగ్గా ఉన్నట్టు. ఆరు నెలలు తిరిగేసరికి తిట్లు పొడుగయ్యాయి. రాత్రి మూడు దిండ్ల మీద పడుకునే మనిషి ఒక్క దిండుకు వచ్చింది.

అప్పుడు మళ్లీ స్కాన్ తీయించాను. గుండె పంపింగ్ దాదాపు మునుపటిలాగే ఉంది. కొద్దిగా మెరుగు, అంతే. నాన్న కాగితం తిప్పి తిప్పి చూసి, "ఇంత నడిచి ఏం బావుకున్నట్టు?" అన్నాడు. నిజం చెప్తున్నాను, నాక్కూడా ఉసూరుమనిపించింది. నడకతో గుండె మారిపోతుందని ఎవరికీ మాటివ్వకూడదని తెలిసీ లోపల ఆశపడ్డాను. అత్త మాత్రం కాగితం వైపు చూడనే లేదు.

"మోటారు పాతదేరా. పైపుల లీకులు కట్టాం. ఇప్పుడు చివరి సాలు దాకా నీళ్లు పోతన్నయ్యా లేదా? అది చూడు" అంది.

ఆ తర్వాత ఎందరో రోగులకు ఈ మాటే చెప్పాను. నా చదువులో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. మా అత్త చెప్పిందని కూడా చెబుతాను, ఆ మర్యాద ఆమెకు దక్కాలి.

కోతలకు తన కాళ్ల మీద వెళ్లింది. ఒక ఏడు కాదు, రెండేళ్లు. మాత్రలు మింగుతూ, పచ్చడి మాన్పించినందుకు రోజూ నన్ను శపిస్తూ, సాయంత్రం ఫోన్లో, "పోయొచ్చానే" అని ఒక్క ముక్క చెప్పేది. ఆ ముక్క కోసం నేను బస్సులో కూడా ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చునేదాన్ని. నాన్న కౌలు మాట ఎత్తలేదు. ఎత్తడానికి సందు దొరకలేదు.

ఈ ఏడు రెండో కోత అయ్యాక జలుబు చేసింది. అది ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము అయింది. నాలుగు రోజులు నాకు చెప్పలేదు. "పెళ్లిళ్ల సీజను, ఆసుపత్రిలో సగంమంది సెలవులో ఉంటారు, దానికి సెలవు దొరకదు" అందట నా గురించి మా అమ్మతో. కాటా ఎక్కలేదు, ఫోన్లో "బాగానే ఉన్నానే" అంది. నేను నమ్మాను. నాన్న నడక చంపిందంటాడు. కాదని నాకు తెలుసు, డాక్టరూ చెప్పాడు. అయినా ఆ మాట నన్ను పదకొండు రోజులు నమిలేసింది. నేను నిజంగా ఎక్కువ నడిపించానా? ఆ కిలోమీటరున్నర ఆమెకు ఎంత కష్టమో నేనెప్పుడన్నా చూశానా? కూర్చున్నచోటి నుంచి నిమిషాలు చెప్పడం తప్ప, ఆమె వెంట ఆ దారిలో పొలం దాకా ఒక్కసారైనా నడిచానా? నడవలేదు. సిగ్గుపడుతూ రాస్తున్నాను.

పెదకర్మ అయిన మర్నాడు మూడో కోత. కాయ చెట్టు మీదే పండిపోతోంది. నాన్న లేవలేకపోతే, కోతల ముఠాతో నేను బయల్దేరాను. పదిమంది ఆడవాళ్లు. ముఠాను నడిపే పెద్దామె ముందు, నేను చివర. అరకిలోమీటరుకే నాకు చెమటలు పట్టాయి. నల్లరేగడి మీద ట్రాక్టరు చాళ్లు ఎండి కాళ్ల కింద రాళ్లలా గుచ్చుకుంటున్నాయి. కాలవ తూము దగ్గరికి రాగానే, ఎవరూ ఏమీ అనకుండానే, పదిమందీ క్యారేజీలు కింద పెట్టి దాని గట్టు మీద వరసగా కూర్చున్నారు.

"అప్పుడే అలిసిపోయారా? ఎండెక్కుతోంది, పదండి" అన్నాను. నా గొంతులో చిరాకు నాకే వినబడింది.

"మేం అలిసిపోలేదులే అమ్మాయ్" అంది పెద్దామె. "మీ అత్త ఇక్కడ కూర్చునేది. ఆమె ఒకటే కూర్చుంటే చూసినోళ్లు మీ నాయనకు చెప్తారని, మేమంతా కూర్చునేవాళ్లం. ఎవురన్నా అడిగితే నాకు మోకాళ్ల నొప్పులని చెప్పేదాన్ని. రెండేళ్ల నుంచి నా మోకాళ్లకు లేని జబ్బు లేదు."

ఆయాసం వస్తే ఆగమని చెప్పిందే నేను! ఆగడం తప్పు కాదు, ఆగి మళ్లీ లేవడమే నడక అని వందసార్లు చెప్పాను. నాక్కూడా చెప్పకుండా దాచిపెట్టింది. నాతో చెబితే నాన్నకు తెలుస్తుందని భయపడింది కాబోలు. ఏం మనిషి ఈమె! కోపం ముంచుకొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. "ఎన్నిచోట్ల కూర్చునేది?" అని అడిగాను.

"మొదట్లో ఆరుచోట్ల. పోయినేడాది కోతలు అయ్యేసరికి నాలుగు. ఈ ఏడు రెండే. ఇక్కడొకటి, మునగచెట్టు దగ్గరొకటి."

ఆరు, నాలుగు, రెండు. నా ఫైల్లో ఎన్ని కాగితాలున్నా ఈ లెక్క లేదు. నేనూ వాళ్ల పక్కన కూర్చున్నాను. మా మోకాళ్ల ముందు నుంచి కాలవ నీళ్లు మెల్లగా పోతున్నాయి.

ఇంతలో డొంకలో బండి చప్పుడు. నాన్న. ఇంట్లో ఉండలేక వచ్చేసినట్టున్నాడు, గడ్డం మాసి, కళ్లు వాచి ఉన్నాయి. మమ్మల్ని చూసి బండి ఆపాడు.

"ఏంది, అందరూ దారిలో కూర్చున్నారు?"

పెద్దామె నా వంక చూడలేదు. రెండు చేతులతో మోకాళ్లు పట్టుకుని, "నా మోకాళ్లయ్యా. పాడు నొప్పులు. నిమిషంలో లేస్తాం" అంది. మిగతా తొమ్మిదిమందీ తలలూపారు.

నాన్న నావైపు తిరిగాడు. "ఆమె మోకాళ్లు చూశావా నువ్వు?"

"చూశాను నాన్నా" అన్నాను. "ఇక్కడ కాసేపు కూర్చోవాలి."

నాన్న బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ దుమ్ము అణిగేదాకా గట్టు మీద నుంచి మేమెవరమూ లేవలేదు.